ఊళ్ళు వేరుపడితే పద్దులు ఎవరివి?



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆయన బిల్లు కలెక్టరుగా చేరి మునిసిపల్ కమిషనరుగా రిటైరయ్యారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి గుణగానం చేయను. బతికుండగా ఆయనకు అది గిట్టేది కాదు. ఫైలు మీద ఆయన రాసే నోట్లో విశేషణాలు కనిపించేవి కావు. డిమాండు ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత, ఆ బాకీ ఎవరి దగ్గర? అంతే. ఇవాళ నేను ఎంచుకున్న విషయానికి ఆ నాలుగు ప్రశ్నలూ బాగా అక్కరకొస్తాయి.

ఒక నగరపాలక సంస్థలో ఉన్న కొన్ని ఊళ్ళను విడదీసి, వాటితో కొత్త పురపాలక సంఘం పెట్టడం గురించి మాట్లాడతాను. మనకు కలపడం బాగా అలవాటు. 2005లో గాజువాకనూ 32 గ్రామాలనూ కలిపి గ్రేటర్ విశాఖ చేశాం. 2007లో చుట్టూ ఉన్న 12 పురపాలికలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశాం. 1861 నాటి భీమునిపట్నం పురపాలక సంఘాన్ని, దేశంలోని అతి పాత పురపాలికల్లో ఒకదాన్ని, 2013లో విశాఖలో కలిపేశాం. విడదీసిన అనుభవం మాత్రం మనకు తక్కువ. అందుకని కాసేపు పొరుగు రాష్ట్రానికి వెళ్దాం.

పుణెకు ఆగ్నేయాన హడప్సర్ దాటాక, సాస్వడ్ వెళ్ళే దారి వైపు రెండు ఊళ్ళున్నాయి. ఒకటి ఫుర్సుంగి, రెండోది ఉరుళి దేవాచి. అక్కడ ఐటీ పార్కు ఉంది, గోదాములున్నాయి, అపార్ట్‌మెంట్లున్నాయి. అయినా పుణెవాళ్ళలో చాలామందికి ఆ పేర్లు తెలిసింది చెత్త వల్ల. నగరం చెత్త దశాబ్దాలుగా అక్కడి 163 ఎకరాల డిపోకే వెళ్ళింది. చుట్టుపక్కల బావుల నీళ్ళు చెడిపోయాయి. 2017 ఏప్రిల్‌లో డిపో అంటుకున్నప్పుడు ఊళ్ళవాళ్ళు లారీలను ఆపేశారు. మూడు వారాలకు పైగా సాగిన ఆ ఆందోళనలో పుణె వీధుల్లో చెత్త ఎక్కడికక్కడ పేరుకుపోయింది. అప్పటికి ఆ రెండు ఊళ్ళూ నగరంలో భాగం కావు. చెత్త పోసేది ఒకరు, భరించేది ఇంకొకరు. పోసేవాళ్ళను ఎన్నుకునే ఓటు భరించేవాళ్ళకు లేదు.

అదే ఏడాది అక్టోబరులో ఆ రెండు ఊళ్ళతో కలిపి 11 గ్రామాలను పుణె కార్పొరేషన్‌లో చేర్చారు. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఊళ్ళను బలవంతంగా మింగేశారన్న కథ వినసొంపుగా ఉంటుంది గానీ, అది పూర్తి నిజం కాదు. 34 గ్రామాలను నగరంలో కలపమని హైకోర్టు దాకా వెళ్ళింది ఆ ప్రాంతపు పౌరులే. రోడ్లు వస్తాయి, నీళ్ళు వస్తాయి, డ్రైనేజీ వస్తుంది అనుకున్నారు. చెత్త మీద కూడా ఇంట్లోవాళ్ళలా మాట్లాడొచ్చనుకున్నారు. మిగతా 23 గ్రామాలను 2021లో కలిపారు. దాంతో పుణె కార్పొరేషన్ విస్తీర్ణం 500 చదరపు కిలోమీటర్లు దాటింది.

మొదట వచ్చింది పన్ను. పంచాయతీ లెక్కన కట్టిన ఇంటి పన్ను నగరం లెక్కకు మారింది. నీళ్ళు మాత్రం ట్యాంకర్లలోనే వచ్చేవి. ఇళ్ళవాళ్ళకంటే గోదాముల యజమానులకు, చిన్న పరిశ్రమలవాళ్ళకు ఆ నోటీసులు ఎక్కువ గుచ్చుకున్నాయి. అయిదేళ్ళు తిరిగేసరికి కలపమన్న ఊళ్ళలోనే విడదీయమన్న కేక లేచింది. 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండే ఆ రెండు ఊళ్ళకూ వేరే నగర పరిషత్, అంటే పురపాలక సంఘం, ఇస్తామని ప్రకటించారు. ఈ కోరికను ఆయన దాకా తీసుకెళ్ళింది ఆ ప్రాంతపు నాయకుడు, మాజీ మంత్రి విజయ్ శివ్‌తారే. 2023 మార్చి ఆఖరున ముసాయిదా నోటిఫికేషన్ వచ్చింది, 2024 సెప్టెంబరులో తుది నోటిఫికేషన్ వచ్చింది. కొత్త పరిషత్‌కు తొలి ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి.

చదివితే అంతా సాఫీగానే ఉంటుంది. మన పెద్దాయన అయితే తారీఖుల పక్కన ఇంకో గడి గీసేవారు. ఆ తారీఖున ఆ కుర్చీలో ఎవరున్నారు? మహారాష్ట్ర చట్టం ప్రకారం ఒక కార్పొరేషన్ హద్దులు మార్చాలంటే ప్రభుత్వం ముందు ఆ కార్పొరేషన్‌ను సంప్రదించాలి. కార్పొరేషన్ అంటే ఎన్నికైన సభ్యుల సభ. పుణె సభ గడువు 2022 మార్చిలోనే తీరిపోయింది. ఆ తర్వాత దాదాపు నాలుగేళ్ళు ఎన్నికలు లేవు. ప్రభుత్వం నియమించిన పాలనాధికారే కమిషనరు, స్టాండింగ్ కమిటీ, సభ అన్నీ. అంటే ప్రభుత్వం తన అధికారినే అడిగింది, ఆయన ఔనన్నాడు. అది చట్టానికి సరిపోయిందా లేదా అన్నది వకీళ్ళ సంగతి. అడగడం అన్న మాటకు మాత్రం సరిపోలేదని నేననుకుంటాను.

ఇక కొత్త పరిషత్ వైపు. 2024 సెప్టెంబరులో పుట్టిన సంస్థకు 2025 డిసెంబరు దాకా ఎన్నికైన సభ్యులు లేరు. అక్కడా పాలనాధికారే. అంటే ఆస్తులు, అప్పులు, నీటి గొట్టాలు, సిబ్బంది, పన్ను బాకీలు పంచుకోవాల్సిన ఆ తొలి ఏడాదిలో బల్లకు అటు ఒక అధికారి, ఇటు ఒక అధికారి ఉన్నారు. ఇద్దరూ ఒకే సచివాలయం మనుషులు. ఊరి తరఫున కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీ.

ఈ ఖాళీ కుర్చీయే నా అసలు విషయం. అది ఎలా ఖాళీ అయిందో చూడాలి.

ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు దానికి గ్రామసభ ఉంటుంది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. అక్కడ మాట్లాడేవాళ్ళు ఎందరు, కోరం ఎంత, సంతకాలు ఇంటికెళ్ళి తెచ్చారా అన్న వెటకారాలన్నీ నాకూ తెలుసు. అయినా చట్టం ముందు ఆ ఊరు ఒక మనిషిలా నిలబడే చోటు అదే. నగరంలో కలిసిన రోజున ఆ సభ పోతుంది. సర్పంచి పోతాడు, తీర్మానాల పుస్తకం రికార్డు రూముకు పోతుంది. ఊరు ఒక వార్డులో ముక్కగానో, రెండు వార్డుల మధ్య చీలికగానో మిగులుతుంది. ఊరి పేరు బస్సు బోర్డు మీద ఉంటుంది గానీ చట్టంలో ఉండదు. కాబట్టి లోపలికి వెళ్ళేటప్పుడు నోరున్న ఊరు, బయటికి రావాలనుకున్నప్పుడు మూగదవుతుంది. ఇక దారి ఏమిటి? ఎమ్మెల్యే, మాజీ మంత్రి, ముఖ్యమంత్రి అపాయింట్‌మెంటు. ఫుర్సుంగికి అలాంటి నాయకుడు దొరికాడు. దొరకని ఊళ్ళ సంగతి ఏమిటి?

రాజ్యాంగం ఇక్కడ పెద్దగా సాయపడదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలికలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది, అయిదేళ్ళ గడువు ఇచ్చింది, ఎన్నికలు ఆలస్యం కాకూడదంది. 243క్యూ అధికరణం నగర పంచాయతీ, పురపాలక సంఘం, నగరపాలక సంస్థ అని మూడు రకాలు చెప్పింది. ఏ ప్రాంతాన్ని ఏ రకంలో వేయాలో జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి వంటివి చూసి గవర్నరు ప్రకటిస్తారంది. ఆ జాబితా చాలా తెలివైనది. అందులో అన్నీ ఉన్నాయి, అక్కడ ఉండేవాళ్ళ సమ్మతి తప్ప.

సమ్మతి లేకపోతే ఏమవుతుందో చూడాలంటే కల్యాణ్-డోంబివలి దగ్గరి 27 గ్రామాల చరిత్ర చాలు. 1983లో కార్పొరేషన్ పుట్టినప్పుడు వాటిని అందులో కలిపారు. ఊళ్ళవాళ్ళు సంఘర్ష సమితి పెట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడితే 2002లో బయటికి తీశారు. 2015 జూన్‌లో మళ్ళీ కలిపారు. 2020 జూన్‌లో వాటిలో 18 గ్రామాలను తీసి వేరే నగర పరిషత్ అన్నారు, 9 గ్రామాలను కార్పొరేషన్‌లోనే ఉంచారు. అదే ఏడాది డిసెంబరులో బొంబాయి హైకోర్టు ఆ విడదీతను కొట్టేసింది. చట్టం చెప్పిన సంప్రదింపు చెప్పినట్టు జరగలేదంది.

నాలుగు దశాబ్దాల్లో నాలుగు గీతలు, ఒక చెరిపివేత. ఈ మధ్యలో అక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి పరిస్థితి ఊహించండి. పంచాయతీ అనుమతితో పునాది, ఇంకో సంస్థ ప్లానుతో మొదటి అంతస్తు, కార్పొరేషన్ నోటీసుతో రెండో అంతస్తు. ఆ గ్రామాల్లో అనుమతి లేని కట్టడాలు పెరిగాయని అందరూ నెత్తి కొట్టుకుంటారు. ప్రతి పదేళ్ళకూ అనుమతి ఇచ్చే కిటికీ మారుతుంటే కట్టేవాడు కిటికీ దగ్గరికి పోవడం మానేస్తాడు. అందులో వింతేమీ లేదు.

ఇప్పుడు మన దగ్గరి ఒక ఉదాహరణ. రాజధాని కోసం భూములిచ్చిన 29 గ్రామాల్లో కొన్ని 2021లో మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషన్‌లోకి వెళ్ళాయి. 2022 జనవరిలో 19 గ్రామాలతో అమరావతి రాజధాని నగరపాలక సంస్థ అన్న ప్రతిపాదన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 22 గ్రామాలతో పురపాలక సంఘం అన్నారు. రెండుసార్లూ గ్రామసభలు పెట్టారు. రెండుసార్లూ ఊళ్ళు కాదన్నాయి. 29 గ్రామాలనూ ఒకటిగా ఉంచమన్నదే వాళ్ళ పట్టు. ప్రతిపాదనలు అప్పుడు ముందుకు సాగలేదు. ఆ రాజకీయం జోలికి నేను పోను, ఈ హాల్లో రెండు పక్షాలవాళ్ళూ ఉన్నారు. నాకు కావలసింది ఒక్కటే. అవి ఇంకా పంచాయతీలుగా ఉన్నాయి కాబట్టి కాదనగలిగాయి. అప్పటికే కార్పొరేషన్‌లో కలిసిపోయిన ఉండవల్లి, పెనుమాక వంటి ఊళ్ళకు, అవే భూములు, అదే సమీకరణ, అదే పూచీకత్తు ఉన్నా, ఔననడానికీ కాదనడానికీ సభ లేదు.

ఈ ప్రశ్నను మనకంటే ముందు, మనకంటే ఘాటుగా ఎదుర్కొన్న దేశం ఫిలిప్పీన్స్. అక్కడ పల్లెను ఒకప్పుడు బారియో అనేవారు, ఇప్పుడు బరంగై అంటారు. కొన్ని పల్లెల్ని ఒక పురపాలిక నుంచి తీసి కొత్త పురపాలిక చేయడం వాళ్ళకు పాత అలవాటు. 1964 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అధ్యక్షుడు డియోస్‌డాడో మకపగాల్ కార్యనిర్వాహక ఉత్తర్వులతో 33 కొత్త పురపాలికలు సృష్టించారు. రెండు నెలల్లోపు 33! వాటి మీద కోర్టుకు వెళ్ళింది ఎవరనుకున్నారు? ఉపాధ్యక్షుడు ఎమ్మాన్యుయెల్ పెలాయెజ్. ఆయన అధ్యక్షుడి మీద వేయలేదు. ఆడిటర్ జనరల్ మీద వేశారు. ఈ పురపాలికల పేరిట పెట్టే ఖర్చును ఆడిట్‌లో పాస్ చేయవద్దని అడిగారు. మన పెద్దాయనకు ఈ సంగతి తెలిసి ఉంటే ముచ్చటపడేవారు. గీత చెల్లదని వాదించేకంటే గీత మీద పెట్టే పైసా చెల్లదనడం గట్టి దెబ్బ.

1965 డిసెంబరులో తీర్పు వచ్చింది. చట్టం ప్రకారం అధ్యక్షుడు ఒక్క బారియోను కూడా సొంతంగా సృష్టించలేడు. అలాంటప్పుడు ఎన్నో బారియోలు కలిసిన పురపాలికను ఎలా సృష్టిస్తాడని కోర్టు అడిగింది. ఆ పురపాలికలు మొదటినుంచీ చెల్లవంది.

అయితే కథ అక్కడ ఆగలేదు. క్వెజోన్ ప్రాంతంలో శాన్ నార్సిసో అనే పురపాలిక ఉంది. 1959లో అధ్యక్షుడు కార్లోస్ గార్సియా ఒక ఉత్తర్వుతో దాని పల్లెల్లో కొన్నింటిని తీసి శాన్ ఆండ్రెస్ అని వేరు చేశారు. 1965 తీర్పు లెక్కన అదీ చెల్లకూడదు. కానీ శాన్ నార్సిసో కోర్టుకెక్కింది 1989లో, ముప్పై ఏళ్ళ తర్వాత. 1994లో సుప్రీంకోర్టు కుదరదంది. ఈ ముప్పై ఏళ్ళూ శాన్ ఆండ్రెస్ పురపాలికగానే నడిచింది, ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం దాన్ని గుర్తించింది, 1991 స్థానిక ప్రభుత్వాల కోడ్ అలాంటివాటిని క్రమబద్ధం కూడా చేసింది, ఇప్పుడు వెనక్కి తిప్పలేమంది. అంటే తప్పుగా గీసిన గీత కూడా చాలాకాలం నిలబడితే హద్దు అవుతుంది. కాబట్టి గీసేముందు అడగడం ఎంత అవసరమో, అడగకపోతే ప్రశ్నించడానికి ఉన్న గడువు అంత తక్కువ.

ఈ గొడవల మధ్య వాళ్ళు రాసుకున్న నియమాలు చూడండి. 1987 రాజ్యాంగం ప్రకారం ఏ స్థానిక సంస్థను సృష్టించాలన్నా, చీల్చాలన్నా, కలపాలన్నా, రద్దు చేయాలన్నా, హద్దులు గణనీయంగా మార్చాలన్నా నేరుగా ప్రభావితమయ్యే ప్రాంతాల్లో ఓటింగు జరగాలి, పోలైన ఓట్లలో సగానికి పైగా రావాలి. ప్రభావితమయ్యే ప్రాంతాలంటే ఏవి? విడిపోయేవాళ్ళు మాత్రమేనా? ఆ రాజ్యాంగానికి ముందే, 1986 జనవరిలో నీగ్రోస్ డెల్ నోర్టే అనే కొత్త ప్రావిన్సు కోసం విడిపోయే ప్రాంతంలో మాత్రమే ఓటింగు పెట్టారు. ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. భూమినీ ఆదాయాన్నీ పోగొట్టుకునే పాత ప్రావిన్సువాళ్ళు కూడా ప్రభావితులేనంది. నాకు ఈ తీర్పు మీద చాలా గౌరవం. విడిపోయేవాడి హక్కు గురించి అందరూ మాట్లాడతారు. మిగిలిపోయేవాడి మాట వినాలన్న కోర్టు అరుదు.

1991 కోడ్‌లో ఇంకో షరతు ఉంది. కొత్త పురపాలికకు సగటున ఏడాదికి కనీసం 25 లక్షల పెసోల ఆదాయం, 25 వేల జనాభా, 50 చదరపు కిలోమీటర్ల నేల ఉండాలి. అంతటితో ఆగలేదు. కొత్తది ఏర్పడ్డాక పాత పురపాలిక ఆదాయం, జనాభా, విస్తీర్ణం కూడా ఆ కనీసానికి దిగువకు పడిపోకూడదు. ఈ రెండో సగం మన చట్టాల్లోకి రావాలని నా కోరిక. ఎందుకంటే విడిపోవాలన్న ప్రతి కోరికా అన్యాయానికి గురైనవాళ్ళదే కాదు. ఫుర్సుంగిది చెత్త బాధ. కానీ రేపు హైదరాబాద్‌లో నార్సింగి, మణికొండ వైపు కాలనీలవాళ్ళు లేచి, మా పన్ను మా దగ్గరే ఉంచుకుంటాం, మాకో పురపాలిక ఇవ్వండి అన్నారనుకోండి. కోకాపేట టవర్లు ఒక పక్క, పాతబస్తీ గల్లీలు మరో పక్క. అప్పుడు విడిపోయే హక్కు గురించి మనలో ఎంతమంది ఇంతే ఉత్సాహంగా మాట్లాడతాం?

ఇక పద్దుల దగ్గరికి వద్దాం. గెజిట్‌లో వచ్చేది సర్వే నంబర్లు, హద్దులు. ఉత్తరాన ఫలానా వాగు, దక్షిణాన ఫలానా రోడ్డు. పంపకాల వివరం అందులో ఉండదు. అసలు చిక్కంతా పంపకంలోనే.

నీళ్ళనే తీసుకోండి. పాత కార్పొరేషన్ అప్పు తెచ్చి మెయిన్ పైపు వేసింది, ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టింది. ట్యాంకు కొత్త పరిషత్ హద్దులో ఉంది. నీళ్ళు వచ్చే ప్లాంటు పాత నగరంలో ఉంది. అప్పు కార్పొరేషన్ పేరు మీద ఉంది. ట్యాంకును బదిలీ చేస్తే అప్పులో వాటా కూడా బదిలీ చేయాలా? చేస్తే కొత్తవాళ్ళు కట్టగలరా? చేయకపోతే నీళ్ళు లీటరు లెక్కన అమ్ముతారా? ఏ రేటు? ఆ రేటు ఎవరు ఖాయం చేస్తారు?

పన్ను బాకీల సంగతి ఇంకా తమాషా. కలిసి ఉన్న ఏళ్ళలో ఊళ్ళవాళ్ళు చాలామంది పన్ను కట్టలేదు, ఎలాగూ విడిపోతాం కదా అని. విడిపోయిన రోజున ఆ బాకీ ఎవరిది? సేవ చేసింది పాతవాళ్ళు, వసూలు చేసే యంత్రాంగం కొత్తవాళ్ళది. కొత్తవాళ్ళు వసూలు చేస్తే ఓట్లు పోతాయి. పాతవాళ్ళు వసూలు చేద్దామంటే అది ఇప్పుడు వాళ్ళ హద్దే కాదు. ఇలాంటి బాకీ డిమాండు, వసూలు, బాకీల (డీసీబీ) రిజిస్టర్లో ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. చివరికి ఏదో ఎన్నికల ముందు వడ్డీ మాఫీ వస్తుంది.

సిబ్బంది ఇంకో చిక్కు. పంచాయతీ పారిశుధ్య కార్మికులు, వాటర్‌మన్, బిల్లు కలెక్టరు కలిసినప్పుడు కార్పొరేషన్‌లోకి వెళ్ళారు. కొందరు పర్మనెంటు అయ్యారు, ఎక్కువమంది ఔట్‌సోర్సింగులో మిగిలారు. విడిపోతే ఎవరు వెనక్కి వస్తారు? కార్పొరేషన్ జీతం అలవాటైన మనిషి చిన్న పరిషత్‌కు రావాలనుకోడు. సీనియారిటీ ఎక్కడినుంచి లెక్కేస్తారు? పెన్షన్‌లో ఏ సంస్థ వాటా ఎంత? ఎన్నికలకు ఏడాది పట్టొచ్చు, ఈ ఫైళ్ళకు పదిహేనేళ్ళు పడుతుంది. మనకు ఇది చెప్పాలా? 2014లో రాష్ట్రం విడిపోతే విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్ళలోని సంస్థల పంపకాలు పదేళ్ళు దాటినా తెమలలేదు. అక్కడ రెండు ఎన్నికైన ప్రభుత్వాలు, కేంద్రం, కోర్టులు ఉండి కూడా. రెండు ఊళ్ళ పరిషత్‌కు ఎవరున్నారు?

దీన్ని ఇంట్లో వేరు కాపురంతో పోల్చడం మనవాళ్ళకు ఇష్టం. నాకు అది పెద్దగా నచ్చదు. అన్నదమ్ములు వేరుపడితే ఇద్దరూ అరుగు మీద కూర్చుని కంచాలూ చెంబులూ పంచుకుంటారు, మధ్యలో మేనమామ ఉంటాడు. ఇక్కడ తమ్ముడు ఇంకా కూర్చోకముందే పంపకం అయిపోతోంది.

వీటన్నిటి కంటే బరువైన పద్దు చెత్త. ఫుర్సుంగి, ఉరుళి దేవాచి గొడవ మొదలైందే దాంతో. విడిపోయేటప్పుడు ఏమైంది? ఆ డిపో నేలను కార్పొరేషనే ఉంచుకుంది. ఊరు బయటికి వచ్చింది, కుప్ప నగరంలోనే ఉండిపోయింది. కాగితం మీద ఇది న్యాయమే. చెత్త నగరానిది, నేల నగరానిది, బాధ్యత నగరానిది. కానీ గాలికి, భూగర్భ జలానికి కార్పొరేషన్ హద్దు తెలియదు. ఇంతకుముందు కనీసం ఫుర్సుంగి మనిషి నగరం ఓటరు. కుప్ప మీద ప్రశ్నించే హక్కు ఉన్న కార్పొరేటర్‌ను ఎన్నుకోగలిగేవాడు. ఇప్పుడు పక్కింటివాడు. అంటే 2017 అక్టోబరుకు ముందు ఎక్కడున్నాడో మళ్ళీ అక్కడికే వచ్చాడు. తేడా ఒక్కటే, అప్పుడు లారీలు ఆపడానికి వీధిలోకి రావాల్సి వచ్చింది, ఇప్పుడు పరిషత్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయగలడు. అది చిన్న తేడా కాదు, నేను తక్కువ చేయను. కానీ ఆ ఉత్తరానికి జవాబివ్వాలని ఏ నియమమూ లేదు.

మన జవహర్‌నగర్‌కు ఈ కథ కొత్తది కాదు. హైదరాబాద్ చెత్తను ఏళ్ళ తరబడి మోసింది ఆ ఊరే. ముందు పంచాయతీ, తర్వాత కార్పొరేషన్, ఎప్పుడూ జీహెచ్‌ఎంసీకి బయటే. కుప్ప నగరానిది, వాసన ఊరిది. 2025 డిసెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న 27 పురపాలికలను, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు జవహర్‌నగర్ కూడా లోపలికి వచ్చింది. వాటిలో చాలావాటికి 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి, 2025 జనవరిలో గడువు తీరింది, ఆ తర్వాత స్పెషలాఫీసర్లే. కలిపిన రోజున ఆ ఊళ్ళ తరఫున ఔనో కాదో చెప్పడానికి ఎన్నికైన సభ లేదు. పుణెలో విడదీసేటప్పుడు కుర్చీ ఖాళీగా ఉంది, మన దగ్గర కలిపేటప్పుడు ఖాళీగా ఉంది.

నాతో చాలాకాలం పనిచేసిన అధికారులు ఇప్పుడు ఒక మాట అంటారు. ఓటు పెడితే పన్ను భయంతో ఏ ఊరూ కలవదు, ఉపాధి హామీ పని పోతుందన్న భయంతో కూలీలు ఒప్పుకోరు, లేఔటు ఫీజులు పెరుగుతాయని రియల్ ఎస్టేటువాళ్ళు ఒప్పుకోరు, నగరం నగరంలా పెరగదు అని. ఈ వాదనలో బలం ఉంది. పల్లె పురపాలిక అయితే గ్రామీణ ఉపాధి పథకం వర్తించదు, ఏటా వేసవిలో ఆ పని మీద బతికే ఇంటికి అది నిజమైన నష్టం. కానీ ఆ భయాలు ఉన్నాయని ఒప్పుకుంటూనే ఆ ఊళ్ళను అడగకూడదనడం ఎలా కుదురుతుంది? పన్ను ఎన్నేళ్ళలో ఎంత పెరుగుతుందో, ఉపాధి పోయిన ఇంటికి బదులు ఏమిటో, నీళ్ళు ఏ సంవత్సరం వస్తాయో ఓటుకు ముందు రాసి ఇవ్వమనండి. అలా రాసి ఇస్తే కల్యాణ్‌లా కొన్నేళ్ళకు విడదీయమన్న గొడవ రాదని నేను హామీ ఇవ్వను. వస్తే మాత్రం, ఏ మాట తప్పారో చూపించడానికి కాగితం ఉంటుంది.

ఇంకా చిన్న సవరణలు చాలు. నగరంలో కలిసిన ఊరికి కనీసం పదేళ్ళపాటు దాని పాత గ్రామసభను ఒక సలహా సభగా ఉంచండి. విడిపోవాలన్న తీర్మానం చేసే హక్కు దానికి ఇవ్వండి. ఎన్నికైన సభ లేని కాలంలో కలపడం గానీ విడదీయడం గానీ చేయకూడదని చట్టంలో ఒక్క వాక్యం చేర్చండి. విడదీసే నోటిఫికేషన్‌కు అనుబంధంగా ఆస్తుల, అప్పుల, సిబ్బంది జాబితాలు ఉంటేనే అది చెల్లుతుందనండి. కొత్త సభ ఎన్నికైన ఆరు నెలల్లోపు ఆ జాబితాలను తిరగతోడే వీలు ఇవ్వండి. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఈ పంపకాలకు మధ్యవర్తిని చేయండి. దాని పనే స్థానిక సంస్థల ఆర్థిక స్థితి చూడటం.

ఒకటి మాత్రం నాకూ తేలని ప్రశ్న. చెత్త కుప్ప ఏ హద్దులో ఉంటే మంచిది? నగరం హద్దులో ఉంటే బాధ్యత నగరానిది, కానీ పక్క ఊరికి నోరు లేదు. ఊరి హద్దులో ఉంటే ఊరికి నోరుంది, కానీ కుప్పను శుద్ధి చేసే డబ్బు లేదు. రెంటినీ కలిపి ఒక ఉమ్మడి కమిటీ పెట్టొచ్చు. దానికి ఖర్చు చేసే అధికారం, నగరం ఏటా కట్టే వాటా రెండూ చట్టంలోనే ఉండాలి. అది లేని కమిటీలను మనం చాలా చూశాం. ఈ హాల్లో జవహర్‌నగర్ నుంచి వచ్చినవాళ్ళు కొందరున్నారని విన్నాను. ముందు వాళ్ళ ప్రశ్నలు వింటాను.